వీపు మీద గాలి

మా కోనసీమలో పరిగెత్తేవాళ్ళకి ఒక సుఖం ఉంది. ఎక్కడానికి కొండ ఉండదు. వంతెన వస్తే తప్ప కాలికి ఎత్తు తగలదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి వెళ్ళి, ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ, 4 గంటల 52 నిమిషాలకి ఈడ్చుకుంటూ చేరాను. ఈ దూరమే మా కాలవ గట్టు మీదైతేనా, నాలుగున్నరకి కొట్టేద్దును అన్నాను. పైకి అనడమే తప్పయింది. ఇంటికొచ్చిన మర్నాడు మా ఆయన ఫ్రిజ్ తలుపు మీద స్కెచ్ పెన్నుతో 4:30 అని రాసి అంటించారు.

నాకు 43 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాబట్టి మొదట చేసిన పని భాగహారం. 42.195 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు. ఒక్క కిలోమీటరు ఆ వేగంతో వెళ్ళడం మా తొమ్మిదో తరగతి పిల్లలకి నవ్వులాట. నలభై రెండుసార్లు ఆపకుండా వెళ్ళడంలో ఉంది తంటా. ఆ తంటా కోసం పద్నాలుగు వారాలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాను. వారంలో నాలుగు రోజులు చిన్న పరుగులు, ఆదివారం పెద్దది. 32 కిలోమీటర్లవి మూడు చేశాను. ఆ మూడు ఆదివారాలూ ఇంట్లో మధ్యాహ్నం వంట లేదు, కర్రీ పాయింటే.

పోటీ అన్నానుగానీ పోటీ కాదు. వేరే ఊళ్ళలో జరిగేవాటికి తేదీలు కుదరక, డిసెంబరు మొదటి ఆదివారం మేమే పెట్టుకున్నాం. పరిగెత్తేది ఇద్దరం. నేను, బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడు. నన్ను అక్కా అంటాడు, నాకు తమ్ముడే, నాకన్నా చాలా వేగం. వెనకాల బండి మీద మా ఆయన. బండికి రెండు సంచులు, వాటిలో నీళ్ళు, ఓఆర్ఎస్ పాకెట్లు, అరటిపళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ సీసా, ఒక డబ్బా పూతరేకులు. మెడల్ లేదు, టైం కొలిచే చిప్ లేదు, బ్యానర్ లేదు. చేతి గడియారం ఒక్కటే సాక్షి.

దారి ఇలా అనుకున్నాం. బొబ్బర్లంక దగ్గర, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మధ్య డెల్టాకి నీళ్ళు వదిలే చోటికి కాస్త దిగువన మొదలు. అక్కణ్ణుంచి కాలవ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు 10.55 కిలోమీటర్లు, అక్కడ తిరిగి వెనక్కి. అదే మళ్ళీ ఇంకోసారి. నాలుగు ముక్కలు. మలుపు గుర్తుకి ముందు రోజు సాయంత్రం ఒక తూము గోడ మీద సున్నంతో గీత గీశాం. రాత్రి వానకి అది కొట్టుకుపోయింది. పొద్దున మొదలుపెట్టే ముందే మా ఆయన అక్కడ గోనెపట్టా ఒకటి కట్టి వచ్చారు.

గురువారం నుంచే ముసురు పట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనం శుక్రవారానికి వాయుగుండం అయింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం. 62 దాటితేనే తుఫాను, దానికే పేరు పెడతారు. ఇది పేరు దాకా వెళ్ళదని, మాకు చాలా దక్షిణాన నెల్లూరు వైపు తీరం దాటుతుందని టీవీలో చెప్పారు. మాకు వాన, ఈశాన్యం గాలి. అంతే కదా అనుకున్నాను. వచ్చే వారం నుంచి బళ్ళో పరీక్షలు, మళ్ళీ సంక్రాంతి దాకా ఆదివారం దొరకదు. శనివారం రాత్రి తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. 2018లో బోస్టన్ మారథాన్‌లో చలివాన, ఎదురుగాలి. అందులో గెలిచినాయన యూకి కవౌచి, అప్పట్లో జపాన్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసుకునే మనిషి. "గుమాస్తా గెలిచాడక్కా, మనం పరిగెత్తలేమా" అని కింద రాశాడు. ఆ గెలిచిన టైం 2:15:58 అని కూడా అందులోనే ఉంది. అంత పెద్ద పోటీలో గెలుపు టైం అంత మెల్లగా ఉందేమిటని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నాకు పనికొచ్చే సంగతి అక్కడే దొరికేది. నేను గుమాస్తా దగ్గరే ఆగిపోయాను.

మా ఆయన ఒక్క షరతు పెట్టారు. పిడుగులు పడితే మాట్లాడకుండా బండెక్కాలి. సరేనన్నాను.

పొద్దున అయిదింటికి మొదలు. చీకటి, సన్నటి జల్లు, బండి లైటు వెలుగులో మా నీడలు ముందుకి సాగుతున్నాయి. ఒంటికి వాసెలిన్ దిట్టంగా రాసుకున్నాను. చంకల్లో, తొడల మధ్య, కాలి వేళ్ళ సందుల్లో. వానలో పరిగెత్తాలనుకునే ఆడవాళ్ళకి ఒకటి చెప్పాలి. కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసుకోండి. పొడిగా ఉన్నప్పుడు తెలియని కుట్టు తడిస్తే రంపం అవుతుంది. కళ్ళజోడుకి వాన పడకుండా ముందు అంచున్న టోపీ పెట్టుకున్నాను. చెత్త వేసే నల్ల కవరుకి మూడు కన్నాలు చేసి తొడుక్కున్నాను. అది అయిదో కిలోమీటరు దగ్గర తీసి మా ఆయన చేతిలో పెట్టాను, లోపల చెమటకి ఉడికిపోయాను మరి. గడియారం మీద మాత్రం చొక్కా చెయ్యి లాక్కున్నాను. టచ్ స్క్రీన్ మీద చినుకులు పడితే అదే మన వేలనుకుని పరుగు ఆపేస్తుంది. ఒక ఆదివారం నాకు అలా మూడు కిలోమీటర్లు గాల్లో కలిశాయి.

మొదటి ముక్క గురించి చెప్పాలంటే, అంత హాయిగా నేను ఎప్పుడూ పరిగెత్తలేదు. చల్లగా ఉంది. అక్టోబరులో ఇదే గట్టు మీద ఉక్కపోతలో చెమట ఆరక, పదో కిలోమీటరుకే నాలుక బయటపెట్టినదాన్ని. ఇప్పుడు వాన ఆ వేడిని ఎప్పటికప్పుడు కడిగేస్తోంది. వెలుగు వచ్చేసరికి కాలవ కనపడింది. ఎర్రనీళ్ళు, నిండుగా. ఒక గుర్రపుడెక్క దుబ్బు నేను వెళ్ళే వైపే కొట్టుకొస్తోంది. దాన్ని దాటితే ముందు ఇంకొకటి. గడియారం కిలోమీటరుకి 6:08 చూపిస్తోంది. అనుకున్నదానికన్నా 16 సెకన్లు వేగం. తగ్గించాలి అని తెలుసు. అయినా ఊపిరి మామూలుగా ఉంది, తమ్ముడితో కబుర్లు చెబుతున్నాను, మరి ఎందుకు తగ్గించాలి? మూడున్నర నెలల కష్టం ఇవాళ ఫలిస్తోంది అనుకున్నాను. 1 గంట 4 నిమిషాల 42 సెకన్లకి గోనెపట్టా దగ్గరికి చేరాను.

పట్టా తాకి వెనక్కి తిరిగాను. అప్పుడు తెలిసింది గాలి ఉందని.

ఎవరో రెండు చేతులూ గుండెల మీద పెట్టి నెట్టినట్టు. చినుకులు మొహానికి అడ్డంగా, ఇసుక చల్లినట్టు. పది కిలోమీటర్లు ఆ గాలి నా వీపు మీదే ఉంది, నేనే దాన్ని నా బలం అనుకున్నాను. గాలికి తోడు వాలు కూడా. కాటన్ దొర హయాంలో 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. అక్కడి నీళ్ళు ఏ పంపూ లేకుండా పొలాల దాకా పారాలంటే కాలవకి వాలు ఉండాలి కదా. మన కాలికి తెలియనంత చిన్నది. దుబ్బుకి తెలుసు. అది నాతో పోటీపడుతోందని మురిసిపోయాను గానీ, ఇద్దర్నీ ఒకే గాలి నెట్టుకొస్తోందని తోచలేదు.

పిల్లలకి అనుపాతాలు చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ వాడతాను, సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు గాలి ఇచ్చేది, వచ్చేటప్పుడు అదే గాలి లాక్కునేదానికి ఎప్పుడూ సమానం కాదు. లాక్కునేదే ఎక్కువ. కాబట్టి వీపున గాలి ఉండగా దాచుకున్న సెకన్లు మొహాన గాలి వచ్చాక ఖర్చుకి చాలవు. బోర్డు మీద రాస్తే మూడు లైన్లు.

"నా వెనకాలకి రా అక్కా, దగ్గరగా" అన్నాడు తమ్ముడు. అతను ఆరడుగుల మనిషి. అతని వీపుకి రెండు అడుగుల దూరంలో పెట్టుకుంటే గాలి సగం తగ్గింది. కానీ అతని బూట్లు ఎగజిమ్మే బురదంతా నా మొహానికే. కొబ్బరి తోటలు గట్టుకి ఆనుకుని ఉన్నచోట గాలి ఇంకా తగ్గేది. హమ్మయ్య అనుకునేలోపు పైన ఫెళ్ళుమని చప్పుడు. మాకు పదిహేను అడుగుల ముందు ఒక మట్ట వచ్చి పడింది. ఎండుమట్ట కాదు, పచ్చిది, మొదలు నా తొడంత ఉంది. అక్కణ్ణుంచి తోటల దగ్గర రోడ్డుకి కాలవ వైపు అంచున, బయలు వచ్చాక తమ్ముడి వీపు చాటున. గాలికి భయపడాలో, గాలి లేని చోటికి భయపడాలో తెలియని పరుగు. ఆ ముక్కకి 1 గంట 9 నిమిషాల 27 సెకన్లు.

సగం దూరం 2:14:09. నాకు రావాల్సింది 2:15. అంటే 51 సెకన్లు ముందున్నాను. ఇక్కడ నేను చేసింది రెండో తప్పు. ముందున్నానని చూసుకున్నాను గానీ, ఆ ఎదురుగాలిలో 6:35 పరుగు కోసం కాళ్ళలో ఎంత ఖర్చయిందో చూసుకోలేదు. గడియారం సెకన్లు చూపిస్తుంది, ఖర్చు చూపించదు. సగం దగ్గర తమ్ముడు "నేను వెళ్తానక్కా, నాలుగుంపావు లోపు ప్రయత్నిస్తా" అన్నాడు. వెళ్ళమన్నాను. నా గోడ వెళ్ళిపోయింది.

మూడో ముక్క మళ్ళీ వీపు మీద గాలి. ఈసారి తెలుసు. తెలిసి కూడా 6:15లోనే వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఎలాగూ పోతాయి, ఇప్పుడే కొన్ని పోగేసుకుందామని. వాన పెద్దదైంది. రోడ్డు తారు లేచిపోయిన చోట్ల ఒండ్రు మట్టి, బూటు అడుగున అంగుళం మందాన అంటుకునేది. గడ్డి మీద రుద్దుకోవాలంటే ఆగాలి. ఆగలేదు. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర మా ఆయన బండి పక్కకి తెచ్చి పూతరేకు అందించారు. బెల్లం పూతరేకు. పరుగులో శక్తి కోసం మింగే, వందలు పోసి కొనే జెల్ పాకెట్ల బదులు ఊరి సరుకే తిందామని నా ఆలోచన. ఊరి సరుకే, ఆ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా 2023లో వచ్చింది. కానీ కొబ్బరాకు మంట మీద బోర్లించిన కుండకి, గుడ్డతో జావ పూసి తీసే రేకు అది. పొరలో పొర, ఊపిరి తగిలితే ఎగిరేది. వానలో అర నిమిషంలో నా అరచేతిలో అంటుకుపోయి తడిసిన పేపరైంది. అరచెయ్యి నాకాను. నెయ్యి, బెల్లం, వాననీళ్ళు, కాస్త బురద. పనిచేసిందా అంటే, చేసిందనే చెప్పాలి. ఇంకో మూడు కిలోమీటర్లు బాగానే వెళ్ళాను.

గోనెపట్టా రెండోసారి తాకేసరికి 3:20:05. మనసులో లెక్క. ఇంకా 69 నిమిషాల 55 సెకన్లు చేతిలో ఉన్నాయి. కిలోమీటరుకి 6:38 వెళ్తే చాలు. పొద్దున ఇదే గాలికి 6:35లో వెళ్ళానుగా.

అప్పుడు ముందు ఆరడుగుల వీపు ఉంది. అప్పుడు కాళ్ళలో పదకొండు కిలోమీటర్లే ఉన్నాయి. ఇప్పుడు ముప్ఫై ఒకటిన్నర. మారథాన్‌లో ముప్ఫై దాటాక ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం అడుగంటుతుంది. ఆ తర్వాత ఎంత అరిచినా కాళ్ళు వినవు. నాకు ముప్ఫై రెండున్నర దగ్గర మొదలైంది. ఆకలి కాదు, నొప్పి కాదు. ఎవరో ఇంట్లో ఒక్కో గదిలో లైటు ఆపుకుంటూ వస్తున్నట్టు. ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర బొబ్బ పగిలి, తడి మేజోడు దాని మీద అడుగడుక్కీ ఉప్పు రుద్దుతోంది. 6:50. 7:05.

ముప్ఫై నాలుగు దగ్గర గట్టు కింద ఒక కళ్ళం. సార్వా కోతల సమయం కదా. దారిపొడుగునా చూస్తూనే ఉన్నాను, కోసిన చేలల్లో పనలు నీళ్ళలో తేలుతున్నాయి. మాసూళ్ళు అయినవాళ్ళు ధాన్యం రోడ్డు వారగా రాశి పోసి బరకాలు కప్పారు. ఈ కళ్ళంలో గాలికి బరకం ఒక పక్క లేచిపోయింది. పెద్దాయన ఒకరు ఆ మూల పట్టుకుని వేలాడుతున్నారు, వాళ్ళావిడ ఇటుకలు మోసుకొచ్చి అంచు మీద పెడుతోంది, పెట్టిన ఇటుక గాలికి జారిపోతోంది. నేను చూశాను. ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలలేనని ఒక కారణం. ఫ్రిజ్ మీద కాగితం ఇంకో కారణం, అది కూడా ఒప్పుకోవాలి. నేను రైతు కూతుర్నే.

నా వెనకాల బండి చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మా ఆయన బండి స్టాండు వేసి గట్టు దిగుతున్నారు.

ఇక ఆ తర్వాత ఎనిమిది కిలోమీటర్లు నాకు నీళ్ళు లేవు, ఓఆర్ఎస్ లేదు, అరటిపండు లేదు. కురుస్తున్న వానలో నోరెండిపోయి, నోరు తెరిచి చినుకులు పట్టుకుంటూ పరిగెత్తాను. ముప్ఫై ఏడు దగ్గర ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. వాళ్ళ బరకం వాళ్ళు కప్పుకోలేరా అన్నాను పైకే. గాలి ఆ మాట నా నోట్లోకే తోసేసింది. ముప్ఫై ఎనిమిది దగ్గర నడిచాను, రెండు కరెంటు స్తంభాల దూరం. కాలవలో దుబ్బులన్నీ నాకు ఎదురొస్తున్నాయి, తీరిగ్గా. నలభై ఒకటి దగ్గర తమ్ముడు, అప్పటికే ముగించి, తువ్వాలు కప్పుకుని నాకోసం వెనక్కి నడిచొచ్చాడు. 4:11 చేశాడట. ఏమీ మాట్లాడకుండా నా ముందుకొచ్చి, గాలికి అడ్డంగా నిలబడి నెమ్మదిగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆ చివరి కిలోమీటరంతా నాకు అతని తువ్వాలు అంచు తప్ప ఇంకేదీ గుర్తులేదు. ఆకుపచ్చ అంచు.

4:33:48. చివరి ముక్క ఒక్కటే 1 గంట 13 నిమిషాల 43 సెకన్లు. నాలుగు నిమిషాలు పోయాయి. ఎక్కడ పోయాయో నాకు తెలుసు. చివరి ముక్కలో కాదు, పొద్దున అయిదింటి నుంచి ఆరు దాకా, గుర్రపుడెక్కతో పందెం వేసుకున్నప్పుడు. ఆ గంటలో 6:24 మీదే ఉండి, ఎదురుగాలిలో గడియారం చూడకుండా ఊపిరిని బట్టి వెళ్ళి ఉంటే, నాలుగున్నర లోపు వచ్చేదేమోనని ఇప్పటికీ కాగితం మీద లెక్కలు వేస్తూనే ఉన్నాను.

ఆగిన అయిదు నిమిషాలకి వణుకు పట్టుకుంది. పరిగెత్తినంతసేపు ఒంట్లో పుట్టిన వేడి ఆగిపోతుంది, తడి బట్టలు మాత్రం ఆగవు. మా పెదాలు నీలంగా ఉన్నాయని టీ కొట్టు ఆవిడ లోపలికి పిలిచి తలుపు వేసి, తన చీర ఒకటి ఇచ్చింది మార్చుకోమని. అల్లం టీ రెండు గ్లాసులు తాగాక పళ్ళు కొట్టుకోవడం తగ్గింది. మేజోడు విప్పితే వేలి చర్మం దాంతోపాటే వచ్చింది. ఆ వైపు చూడలేదు.

అరగంటకి మా ఆయన వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, జుట్టు నిండా పొట్టు. నా కోపం ఎక్కడ పెట్టానో నాకే దొరకలేదు.

"ఎంత?" అన్నారు.

"నాలుగు ముప్ఫై మూడు."

"అయ్యో." కూర్చున్నారు. టీ చెప్పారు. "ముప్ఫై బస్తాల రాశి. అడుగున తడిసింది. పదిహేడు శాతం తేమ దాటితే కొనరు కదా, ఆయనకి అదే బెంగ. పైది మటుకు ఆగింది, తాళ్ళేసి కట్టాం."

నేనేమీ అనలేదు.

"ఆయన నిన్ను చూశారు," అన్నారు మా ఆయన, గ్లాసు ఊదుకుంటూ. "అంత వానలో ఆ అమ్మగారు ఆగకుండా ఎందుకండీ అలా పరిగెడతన్నారు అని అడిగారు."

"మీరేమన్నారు?"

"నాలుగున్నర లోపు చేరాలంటండీ అన్నాను."

"దానికి?"

"ఆయ్, పాపం, ఏ బస్సుకండీ అన్నారు."